కడుపు డాక్టర్ పక్కన ఏఐ.. ఆదోని రోగికి ఒరిగేదేంటి?

కొలనోస్కోపీ జరుగుతుంటే స్క్రీన్ మీద పేగు లోపలి భాగం కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఓ మూల ఆకుపచ్చ గడి మెరుస్తుంది. 'ఇక్కడ పాలిప్ ఉన్నట్టుంది, చూడండి' అని డాక్టర్‌ను ఏఐ అప్రమత్తం చేస్తోందన్నమాట. ఇలా పనిచేసే 'జీఐ జీనియస్' అనే పరికరానికి 2021 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మన దగ్గర హైదరాబాద్ ఏఐజీ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో ఏఐ మాట ఇప్పుడు మామూలైపోయింది. మరి ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఉండే మీకు దీంతో పనేంటి?

ముందు కుర్ర డాక్టర్ల సంగతి చూద్దాం. రేపు మీ రిపోర్టు చూసేది వాళ్లే. వేర్వేరు దేశాల్లో వైద్య విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను అడిగిన సర్వేల్లో జవాబులు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. ఏఐ వాడటానికి వాళ్లు సిద్ధమే. కానీ ఎలా వాడాలో కాలేజీలో పెద్దగా నేర్పలేదు. తప్పు జరిగితే బాధ్యత ఎవరిదన్న భయం కూడా ఉంది.

ఆ భయం కంటే పెద్దది ఇంకొకటి ఉంది. మన కళ్లు మొద్దుబారిపోతాయా?

2025 ఆగస్టులో లాన్సెట్ గ్యాస్ట్రోఎంటరాలజీ అండ్ హెపటాలజీలో పోలండ్ అధ్యయనం ఒకటి వచ్చింది. నాలుగు కేంద్రాల్లో ఏఐ వాడకం మొదలయ్యాక, అదే డాక్టర్లు ఏఐ లేకుండా చేసిన కొలనోస్కోపీలను పరిశీలించారు. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న అడినోమాలు అంతకుముందు 28.4 శాతం పరీక్షల్లో దొరికేవి. ఆ తర్వాత 22.4 శాతానికి పడిపోయాయి. వాళ్లేమీ కొత్తవాళ్లు కాదు, ఒక్కొక్కరూ రెండు వేలకు పైగా కొలనోస్కోపీలు చేసినవాళ్లు. దీనికి ఏఐయే కారణమని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కానీ చేయి తిరిగినవాళ్ల పరిస్థితే ఇలా ఉంటే, మొదటి రోజు నుంచే గడి చూసి నేర్చుకునేవాళ్ల సంగతేంటన్నది సరైన ప్రశ్నే.

అలాగని ఏఐ పనికిరాదనీ అనలేం. 2022లో వచ్చిన మరో అధ్యయనంలో ఒకే రోగికి వెంటవెంటనే రెండుసార్లు పరీక్ష చేశారు. మొదటిసారి ఏఐ లేకుండా చూసినప్పుడు 32.4 శాతం అడినోమాలు కంటపడలేదు. ఏఐతో చూసినప్పుడు తప్పిపోయినవి 15.5 శాతమే. పాలిప్ తప్పిపోతే నష్టం రోగికే కదా.

ఇక మన ఊళ్ల సంగతి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర పెద్దపేగు క్యాన్సర్ తక్కువ. డాక్టర్‌ను తికమకపెట్టేవి వేరే ఉన్నాయి. పేగు టీబీ, క్రోన్స్ జబ్బు చూడటానికి ఒకేలా ఉంటాయి, మందులు మాత్రం పూర్తిగా వేరు. టీబీ పెద్దగా లేని దేశాల చిత్రాలతో నేర్చుకున్న ఏఐని ఇక్కడ కళ్లు మూసుకుని నమ్మలేం. పొలం పని చేసి ఒళ్లు నొప్పుల మాత్రలు రోజూ మింగేవాళ్లకు పుండ్లు పడి రక్తం పోవచ్చు. ఆ మాత్రల సంగతి అడిగి తెలుసుకోవాల్సిందే, ఏ కెమెరాకూ కనపడదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది 'గ్యాస్' అనే మాట. మనవాళ్లు కడుపు ఉబ్బరాన్నీ గ్యాసే అంటారు, ఛాతీలో పట్టేసినా గ్యాసే అంటారు. తెలివైన జూనియర్ డాక్టర్ ముందు ఈసీజీ తీయిస్తారు. ఫోన్‌లో చాట్‌బాట్‌కు 'గ్యాస్ పట్టింది' అని టైప్ చేస్తే ఆ జాగ్రత్త ఉంటుందన్న హామీ లేదు.

నిబంధనలూ ఇక్కడ స్పష్టంగానే ఉన్నాయి. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఏఐ వేదికలు రోగికి నేరుగా సలహా ఇవ్వకూడదు, మందులు రాయకూడదు. డాక్టర్‌కు సాయపడొచ్చు, అంతే. చివరి మాట, సంతకం డాక్టర్‌వే. ఐసీఎంఆర్ 2023లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు కూడా మనిషి పర్యవేక్షణ ఉండాల్సిందేనంటాయి.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఏఐ పనిచేయాలంటే ముందు ఎండోస్కోప్ కావాలి, దాన్ని తిప్పే చేయి కావాలి. ఎంబీబీఎస్, ఎండీ, ఆపై మూడేళ్ల డీఎం చదివితేగానీ జీర్ణకోశ నిపుణులు కారు. జిల్లాలో సర్కారు వైద్యంలో ఆ స్థాయి విభాగమంటే కర్నూలు సర్వజన ఆసుపత్రే గుర్తొస్తుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. ఆదోనికి ప్రకటించిన మెడికల్ కాలేజీని పీపీపీ పద్ధతిలో పెట్టాలని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఎవరు కట్టినా, హౌస్ సర్జన్లు, పీజీలు ఊళ్లో ఉంటే రాత్రిపూట రక్తం కక్కుకున్న మనిషిని చూసే దిక్కు దగ్గర్లో ఉంటుంది. ఆకుపచ్చ గడి సంగతి ఆ తర్వాత.

అప్పటిదాకా మీరు చేయగలిగినవి కొన్నే. రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, ఛాతీ నొప్పి ఉంటే యాప్‌ను అడుగుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి. పరీక్షలో ఏఐ వాడారా, రిపోర్టును డాక్టర్ స్వయంగా చూశారా అని అడగండి. అది అడిగే హక్కు మీకుంది.