అండమాను పోదలచిన కుటుంబాలకు

వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఈ మధ్య మారిపోయాయి. ఒకప్పుడు అజ్మీరు గురించీ గుల్బర్గా గురించీ విచారించిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కుటుంబాలవారే ఇప్పుడు "హజ్రత్, అండమాను పోవచ్చునా? పిల్లలు పట్టుబడుతున్నారు. అక్కడ హలాల్ భోజనం దొరుకుతుందా? ఆడవాళ్ళతో పోదగిన చోటేనా?" అని అడుగుతున్నారు. పోవచ్చును. భోజనానికి లోటు లేదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవులలో నూటికి ఎనిమిదిమందికి పైగా ముస్లిములే. మేము గత షవ్వాల్‌లో మదరసా సెలవుల నాడు ఇంటిల్లిపాదీ వెళ్ళి వచ్చాము గనుక మాకు తెలిసినంత చెప్పగలము.

అయితే బెంగళూరు ఏజెంట్లు చేతిలో పెట్టే కాగితాన్ని చూసి అదే అండమాను అనుకోకండి. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు, పోర్ట్ బ్లెయిర్‌లో జైలు, హేవ్‌లాక్‌లో ఒక ఇసుక తీరం, నీల్‌లో మరొక ఇసుక తీరం, తిరుగు ప్రయాణం. అసలు పెద్ద దీవి ఇందులో పదో వంతు కూడా లేదు. దక్షిణ, మధ్య, ఉత్తర అండమానులు పటంలో మూడు పేర్లతో ఉన్నా వాటి నడుమ సన్నని సముద్రపు పాయలే ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరపు కొసన ఉన్న దిగ్లీపూర్‌కు రోడ్డున మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఈ పొడవునా ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క రకం మనుషులున్నారు. వారు అక్కడికి చేరిన కథలు కూడా వేర్వేరు.

ముందు గడియారం సంగతి చెప్పాలి. పోర్ట్ బ్లెయిర్ మన పుట్టపర్తికి దాదాపు 15 డిగ్రీల తూర్పున ఉంది. అంటే సూర్యుడు అక్కడ మనకంటే ఒక గంట ముందు. గడియారం మాత్రం మనదే. మేమున్న ఏప్రిల్ నెలలో నాలుగు గంటలకు మునుపే ఫజ్ర్ వేళ వచ్చేది, జుహర్ పదకొండుంబావు దాటగానే, మగ్రిబ్ ఐదున్నరకు. మొదటి రోజు మా ఇంటివారు పన్నెండు గంటలకు జుహర్ అజాన్ ఇంకా కాలేదేమని ఎదురుచూస్తూ కూర్చున్నారు. అప్పటికి మసీదులో జమాఅత్ కూడా ముగిసింది! దిగగానే అక్కడి మసీదులో వేళల పట్టిక చూసుకోండి. పదిహేను రోజులకు తక్కువ బస గనుక మేము కస్ర్ చేస్తూ వచ్చాము.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఊరివారు ఇంకా పాత పేరే పలుకుతున్నారు. 1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ శిక్షా స్థావరం మొదలైంది. మా వంటి మదరసా వాళ్ళకు ఈ ఊరు వేరే విధంగా పరిచయం. మేము పిల్లలకు తర్కశాస్త్రంలో 'మిర్ఖాత్' చెబుతాము. దానిని వ్రాసిన ఫజ్లె ఇమామ్ ఖైరాబాదీ కుమారుడే అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ. గాలిబ్‌కు మిత్రుడు, అరబీలో దిట్ట. 1857 తిరుగుబాటులో పాలుపంచుకున్నాడన్న నేరం మీద ద్వీపాంతర శిక్ష పడి 1859లో ఇక్కడికి వచ్చి, 1861లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఈ ఊళ్ళోనే ఉంది. వెళ్ళి దుఆ చేసి వచ్చాము.

ఒక దిద్దుబాటు. ఆయన సెల్యులార్ జైలులో మరణించారని సభలలో ఉపన్యాసకులు తరచు చెబుతుంటారు. ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. అల్లామా పోయిన ముప్పయ్యైదేళ్ళకు గాని దానికి పునాది పడలేదు. ఆ తొలినాటి ఖైదీలకు జైలుగోడలు లేవు. చుట్టూ సముద్రం, వెనుక అడవి, జ్వరం, గొలుసులు. అంబాలా కేసులో శిక్షపడిన మౌలానా జాఫర్ థానేసరీ 1866లో వచ్చి 1883 వరకు ఉన్నారు. ఉర్దూ చదవగల పిల్లలుంటే పోయే ముందు ఆయన ఆత్మకథ 'కాలాపానీ' వారి చేత చదివించండి. ఏ గైడూ చెప్పలేని సంగతులు అందులో ఉన్నాయి.

జైలును ఎలాగూ చూస్తారు గనుక దాని గురించి ఎక్కువ వ్రాయము. ఏడు విభాగాలలో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోకి పిల్లలను పంపి తలుపు దగ్గరగా వేసి నిలబడండి. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు అంటే ఏమిటో వారికి అర్థమవుతుంది. ఎదుటి తీరాన కనబడే కొండ మౌంట్ హారియెట్, ఇప్పుడు మౌంట్ మణిపూర్. దాని పాదం దగ్గర హోప్‌టౌన్ రేవులో 1872 ఫిబ్రవరి 8న షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ వైస్రాయి మేయోను కత్తితో పొడిచి చంపాడు. అతణ్ణి వైపర్ దీవిలో ఉరితీశారు. మన పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనుక బొమ్మ ఆ కొండ మీది నుండి కనిపించే దృశ్యమే. మా మనుమడు నోటును ఎత్తిపట్టి పోల్చి చూసుకున్నాడు. ఇక హేవ్‌లాక్, నీల్ అనేవి 1857 తిరుగుబాటును అణచిన ఇద్దరు సేనానుల పేర్లు. ఆ తిరుగుబాటులో పట్టుబడ్డవారు కూలిచాకిరీ చేసిన నేలకు పక్కనే ఆ పేర్లు నూట యాభై ఏళ్ళు నిలిచాయి. 2018 డిసెంబరులో వాటికి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. టిక్కెట్ల మీద రెండు రకాల పేర్లూ కనబడతాయి, తికమకపడకండి.

ఊరు దాటి పడమటగా పోతే నేల మారుతుంది. కాలికట్, మంజేరి, మన్నార్‌ఘాట్, వండూర్... ఇవి కేరళ ఊళ్ళు గదా అంటారేమో. అవే. 1921 మలబారు తిరుగుబాటు తరువాత ద్వీపాంతరం పంపబడిన మాప్పిళ్ళలు తరువాత కుటుంబాలను తెప్పించుకొని అడవి నరికి పొలాలు చేసుకొని తమ సొంత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. పోక, కొబ్బరి తోటల నడుమ మసీదులు. ఒక మసీదు ముంగిట ముసలాయన మాకు టీ ఇప్పించి, "మీరెక్కడివారు?" అని హిందీలో అడిగాడు. ఆంధ్ర అనగానే "మా ఎదురింటివాళ్ళూ ఆంధ్రమే, శ్రీకాకుళం" అన్నాడు. ఆశ్చర్యమేమీ లేదు. 2011 లెక్కలలో దీవులవారిలో నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుండి చేపల వేటకూ కూలికీ పోయి స్థిరపడినవారు. జంగ్లీఘాట్ చేపల రేవులో మా ఆవిడ మన బజారులో మాదిరిగా తెలుగులోనే బేరమాడింది.

వండూర్ నుండి మెరైన్ పార్కుకు పడవలు పోతాయి. ప్లాస్టిక్ సంచులూ సీసాలూ వెంట తీసుకుపోనివ్వరు. ఆ దారిలో సిప్పీఘాట్ దగ్గర నీళ్ళలో మునిగిన పొలాలను చూడండి. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాను దాదాపు ఒక మీటరు కుంగి సముద్రం లోపలికి వచ్చింది, మళ్ళీ పోలేదు. అదే భూకంపానికి ఉత్తర అండమాను పడమటి తీరం పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి బయటపడ్డాయి. నీటి మాట వచ్చింది గనుక మరొకటి. అక్కడ ఏడాదికి కురిసే వాన మూడు వేల మిల్లీమీటర్లు. మన అనంతపురం నేలకు ఐదు వందల యాభై. అయినా ఏప్రిల్ నెలలో పోర్ట్ బ్లెయిర్ ఇళ్ళకు కుళాయి నీరు రోజు విడిచి రోజు వస్తున్నది. వాన ఎంత కురిసినా నిలుపుకొనే చెరువు కావాలి గదా. బుక్కపట్నం చెరువు కింద పుట్టిపెరిగిన మా అల్లుడు ఈ సంగతి అక్కడివారికి గర్వంగా చెప్పాడు. చెరువు నిండిన సంవత్సరాలెన్ని అని మేము అడగలేదు.

అసలు చెప్పవలసిన విషయానికి ఇప్పుడు వస్తున్నాము. ఏజెంట్ల కాగితంలో అదనపు సొమ్ముకు "బారాటాంగ్ గుహలు" అని ఉంటుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలను గుంపుగా చేర్చి, పోలీసుల వెంట, దాదాపు యాభై కిలోమీటర్ల అడవిదారిన తీసుకుపోతారు. ఆ అడవి జారవా జాతివారిది. 2011లో వారి సంఖ్య 380. 1997 వరకు బయటివారిని దరిచేరనీయక బతికారు. బయటికి రావడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, తట్టు వ్యాధి వారిలో పాకింది. బయటివారి రోగాలకు వారి శరీరాలలో తట్టుకొనే శక్తి లేదు. పక్కనే ఉన్న గ్రేట్ అండమానీస్ జాతి 1858 నాటికి వేలల్లో ఉండి, నేడు యాభై మంది చుట్టూ మిగిలింది. కనుక ఇది ఊహించి చెప్పే భయం కాదు. జారవాల అడవిలో ఆ దారిని మూసివేయమని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. దారి మూతబడలేదు. 2012లో, తిండి ఆశ చూపి అక్కడి స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా తలదించుకొంది. ఆ ఏడాదే శిక్షలు పెంచారు. ఇప్పుడు అక్కడ ఫోటో తీయడం, వాహనం ఆపడం, తినుబండారం ఇవ్వడం నేరం.

గుహలకు మా అల్లుడు ముందే సొమ్ము కట్టాడు. ముందురోజు రాత్రి బసలో ఈ మాట మీదనే కూర్చున్నాము. "మామా, అందరూ పోతున్నారు. ప్రభుత్వమే అనుమతి ఇస్తున్నది. మనం ఫోటో తీయము, బిస్కెట్లు విసరము, గుహ చూసి వస్తాము. ఇందులో తప్పేమిటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మా అమ్మాయి "అబ్బా, దారిలో వాళ్ళు కనబడితే పిల్లలను కళ్ళు మూసుకోమంటామా?" అన్నది. మనుమడు అప్పటికే "నానా, వాళ్ళు ఎన్ని గంటలకు వస్తారు?" అని రెండుసార్లు అడిగి ఉన్నాడు. జంతుప్రదర్శనశాలలో పులి గురించి అడిగినట్లు. వాడి తప్పు కాదు, హోటలు కుర్రవాడు వాడికి అలా చెప్పాడు.

సూరయె నూర్‌లో ఇతరుల ఇంటికి పోయే మర్యాద ఉన్నది. అనుమతి లేనిదే ప్రవేశించరాదు, తిరిగిపొమ్మంటే తిరిగిపోవాలి. ఇది మక్తబు పిల్లలకు కూడా తెలుసు. జారవాలకు గోడలూ తలుపులూ లేకపోవచ్చు, ఆ అడవే వారి ఇల్లు. జిర్కాటాంగ్‌లో ఇచ్చే చీటీ దారి కావలివాడి అనుమతి, ఇంటివారిది కాదు. ఇంటివారిని ఎవరూ అడగలేదు. ఆ మీదట చూపు దించుకోవడమనే ఆదేశం ఒకటుంది. దానిని మనం స్త్రీ పురుషుల విషయంలోనే చెప్పుకొని ఊరుకుంటాము. ఒంటిమీద గుడ్డ లేని మనిషిని కిటికీలోంచి చూడడానికి తెల్లవారుజామున మూడింటికి లేచి పోయేవారికి అది వర్తించదా?

రంగత్, దిగ్లీపూర్ వాసులు ఆసుపత్రికో కచేరీకో ఆ దారినే పోతారు. వారి అవసరం వేరు, వారిని మేము తప్పుపట్టము. వినోదానికి పోయేవారికి ఆ సాకు లేదని మా అభిప్రాయం. ఉలమాలలో భిన్నాభిప్రాయం గలవారుంటే చెప్పవచ్చును. అల్లుడు కొంతసేపు మౌనంగా ఉండి, మరునాడు పోవద్దన్నాడు. కట్టిన సొమ్ములో సగం పోయింది.

మేము హేవ్‌లాక్ మీదుగా పోయే ప్రభుత్వ ఓడలో రంగత్ చేరాము. అక్కడి నుండి ఉత్తరంగా బస్సు దారి జారవాల అడవిలో పడదు. రంగత్ చుట్టూ తూర్పు బెంగాలు నుండి దేశవిభజన తరువాత తెచ్చి నిలిపిన శరణార్థుల పల్లెలు, వరిపొలాలు, చేపల కుంటలు. మాయాబందర్ దగ్గర వెబీలో 1925లో బర్మా నుండి వచ్చిన కరెన్‌లు. దిగ్లీపూర్‌లో 732 మీటర్ల సాడిల్ పీక్, ఈ దీవులన్నింటిలో ఎత్తయిన శిఖరం. మేము దాని కింది నుండే చూసి తృప్తిపడ్డాము, మా మోకాళ్ళ కారణంగా. అక్కడ రాస్, స్మిత్ అనే రెండు చిన్న దీవులను ఒక ఇసుక కట్ట కలుపుతుంది. ఆటు వేళ దాని మీద నడచి పోవచ్చు, పోటు వస్తే మునిగిపోతుంది. మా ఆడవాళ్ళు నఖాబు తడిసినా లెక్కచేయక పిల్లలతో కలిసి ఆ కొస నుండి ఈ కొసకు నడిచారు. పర్యాటకులు మా కుటుంబం కాక మరి పదిమంది ఉండి ఉంటారు. హేవ్‌లాక్ తీరంలో లేని ఏకాంతం ఇక్కడ దొరికింది. పర్దా పాటించే కుటుంబాలు దీనిని గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వ ఓడలలో చోటు దీవులవారికి ముందు, మనకు తరువాత. సముద్రం బాగులేకుంటే ఓడ కదలదు. కాబట్టి తిరుగు విమానానికి రెండు రోజులు వెసులుబాటు ఉంచుకోండి. చెన్నై నుండి విమానం రెండు గంటల పైచిలుకు, ఓడ అయితే మూడు రోజులు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఓడ ఎక్కవద్దు. మే నెలాఖరుకు అక్కడ వానలు పడతాయి. నవంబరు నుండి ఏప్రిల్ వరకు అనుకూలం. ఆధార్ కార్డులు అందరివీ, చంటిబిడ్డలతో సహా, వెంట ఉంచుకోండి.

వచ్చే ఏడాది పోదలచినవారు ముందుగా వచ్చి కలిస్తే, ఉత్తరాన మేము బస చేసిన చోట్ల వివరాలు చెప్పగలము.