ధూమశకటజనకుని యక్షరాభ్యాసము

“ఈ వయసున మాకు చదువేల?” యని మనలో పలువు రనుచుందురు. పదునెనిమిదవ యేట చదువ నేర్చిన యొక గనికూలి లోకమున కేమి యొసగెనో యీ మాసమున విన్నవించెదను.

జార్జి స్టీఫెన్‌సన్ 1781లో ఇంగ్లండునందలి వైలాము గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు నిరక్షరులు, బిడ్డను బడికి పంపు స్తోమత లేనివారు. అతడు బాల్యముననే బొగ్గుగనులలో పనికి కుదిరి, ఆవిరియంత్రముల మర్మ మెల్ల నెరిగెను గాని, వానిని గూర్చిన గ్రంథములను చదువజాలకుండెను. ఆ కొరత దీర్చుకొనుటకై పగలెల్ల పాటుపడి, రాత్రిబడిలో చదువను, వ్రాయను, లెక్కలు వేయను నేర్చెను.

1806లో భార్య క్షయచే మరణించెను. తల్లిలేని పసివాడు రాబర్టు తనవలె చదువురానివాడు కారాదని, తండ్రి రాత్రులందు గడియారములను, చెప్పులను బాగుచేసి ధనము కూడబెట్టి, అతనిని న్యూకాసిల్ పాఠశాలకు పంపెను. కుమారుడు తెచ్చిన పుస్తకములను దీపముచెంత తండ్రియు చదివెను.

1825 సెప్టెంబరు 27వ తేదీన స్టాక్‌టన్-డార్లింగ్‌టన్ ఇనుపదారిపై ‘లోకోమోషన్’ అను యంత్రము బొగ్గుబండ్లను, వందలకొలది జనమును లాగుకొనిపోయెను. దానిని నడిపినవాడు స్టీఫెన్‌సనే.

లివర్‌పూల్, మాంచెస్టరు నగరములను గలుపు 31 మైళ్ళ దారి యింతకంటె దుష్కరమయ్యెను. 1825లో పార్లమెంటు విచారణయందు కొలతల తప్పులు బయటపడగా న్యాయవాదులు స్టీఫెన్‌సనును పరిహసించిరి, అనుమతి దొరకలేదు. మరుసటియేట నది లభించెను. దారిలోని ‘చాట్‌మాస్’ అను ఊబినేలలో పోసిన దెల్ల మునిగిపోవుచుండగా, కంపలను, పొదలమోపులను పరచి, వానిపై దారి తేలియుండునట్లు నిర్మించిరి.

1829 అక్టోబరున రెయిన్‌హిల్ వద్ద జరిగిన యంత్రముల పోటీలో ‘రాకెట్’ 500 పౌనుల బహుమానము గెలిచెను. కడవ క్రింద మాత్రమే మంట యున్నచో నీరు మెల్లగా కాగును గదా! రాకెట్‌నందు మంటవేడి నీటినడుమ నమర్చిన 25 రాగిగొట్టములగుండా పోవుటచే ఆవిరి శీఘ్రముగా పుట్టెను. దానిని నిర్మింపించినవాడు నాటి తల్లిలేని రాబర్టే!

1830 సెప్టెంబరు 15వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. నీటికొరకు బండి యాగినపుడు దిగిన పార్లమెంటు సభ్యుడు హస్కిసన్, ప్రక్కదారిన వచ్చుచున్న రాకెట్ క్రింద పడెను. ఆయన భార్యయు ఆ యుత్సవములోనే యుండెను. స్టీఫెన్‌సన్ స్వయముగా యంత్రము నడిపి క్షతగాత్రుని ఎక్కిల్స్ చేర్చినను ఆ రాత్రియే ప్రాణములు పోయెను. ఆనందదినమున నింటి యొక దీప మారెను; క్రొత్తశక్తిని చేపట్టువారికి జాగరూకతయు నేర్వవలసిన విద్యయే.

సోదరీమణులారా! కొడుకు పుస్తకమును తాను చదువుటకు స్టీఫెన్‌సన్ సిగ్గుపడలేదు. మీ బిడ్డ బడినుండి తెచ్చిన వాచకమును నేటిరాత్రియే విప్పి చూడుడు.