కేసు లేని ఊరంటే నేరం లేని ఊరు కాదు
గ్రామాల, చిన్న పట్టణాల ప్రజలకు ఒక విజ్ఞప్తి

ఏటా జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు విడుదల కాగానే పత్రికలు నగరాలకు ర్యాంకులు ఇస్తాయి. 2022 లెక్కల ప్రకారం లక్ష జనాభాకు 86.5 కేసులతో కోల్‌కతా దేశంలో అత్యంత సురక్షిత నగరమన్నారు. 280.7తో పుణె, 299.2తో హైదరాబాదు ఆ తర్వాత నిలిచాయి. జనాభా 20 లక్షలు దాటిన 19 మహానగరాలకే ఈ ప్రత్యేక పట్టికలు. అందులో మన మండలం ఉండదు, మన ఊరి మాట సరేసరి. అయినా ఆ వార్త చదివి మనం ఒక తీర్పుకు వచ్చేస్తున్నాం: పట్నం ప్రమాదం, పల్లె భద్రం.

ఈ తీర్పుకు మూల్యం చెల్లిస్తున్నది మన పిల్లలే. హైదరాబాదులో సీటు వచ్చిన అమ్మాయిని "అక్కడ రోజులు బాగాలేవు" అని ఇంట్లో కూర్చోబెట్టి పెళ్లి చేస్తున్నాం. కాని ఆడవాళ్ల భద్రతకు పెట్టిన షీ టీమ్‌లు, భరోసా కేంద్రాలు మొదట పుట్టిందీ ఆ హైదరాబాదులోనే. కేసులు ఎక్కువున్న చోటికి సిబ్బంది, వాహనాలు, కెమెరాలు వెళతాయి. కేసులు లేని చోటికి ఏం వస్తుంది? ఏదీ రాదు. అందుకే ఆ అంకె అసలు ఏం కొలుస్తున్నదో ప్రతి ఊళ్లోనూ తెలియాలి.

అది కొలిచేది నేరాలను కాదు, స్టేషన్‌లో కట్టిన ఎఫ్‌ఐఆర్‌లను. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని ఆ సంస్థే తన నివేదికలో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక పత్రికల శీర్షికల దాకా రాదు. 2010లో దేశంలోని పెద్ద నగరాల్లోకెల్లా నేరాల రేటు ఎక్కువగా ఉన్నది కొచ్చిలో. కేరళకు వెళ్లివచ్చిన వాళ్లెవరైనా చెబుతారు, కొచ్చి దేశంలోకెల్లా భయంకరమైన ఊరు కాదని. అక్కడి జనం చదువుకున్నారు, ఫిర్యాదు చేస్తారు, అక్కడి స్టేషన్ దాన్ని కాగితం మీద పెడుతుంది. ఢిల్లీలో మోటారు వాహనం పోతే 2015 నుంచి ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసుకోవచ్చు. తలుపు అంత బార్లా తెరిచాక లెక్క పెరగకుండా ఎలా ఉంటుంది? సైబర్ నేరాల్లో 2022లో తెలంగాణ 15,297 కేసులతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మోసపోయిన వాడు మొహం చాటేయకుండా వచ్చి చెప్పుకుంటున్నాడు, పోలీసులు రాసుకుంటున్నారు అన్నది ఆ అంకెలో ఉన్న మంచి. దాన్ని సిగ్గుపడాల్సిన విషయంగా చూపితే రేపు రాసుకోవడం మానేస్తారు.

లెక్క వేసే పద్ధతిలో కూడా చిక్కులున్నాయి. నగరాల రేటు తీయడానికి ఇప్పటికీ 2011 జనాభానే వాడుతున్నారు. కోల్‌కతాకు 141 లక్షలని పెట్టారు. అది చుట్టుపక్కల పట్టణాలన్నీ కలిపిన మహానగర ప్రాంతం జనాభా. కోల్‌కతా నగరపాలక సంస్థ హద్దుల్లో ఉన్నది 45 లక్షలే. హద్దు ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి రేటు మూడింతలు పైకో కిందికో పోతుంది. ఇంకొకటి: ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అత్యాచారం, హత్య రెండూ ఉంటే హత్య ఒక్కటే లెక్కకు వస్తుంది. ఇన్ని మినహాయింపుల మధ్య తేలే అంకెతో ఊరికీ నగరానికీ పోటీ పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

మరి నిజం తెలుసుకునే దారి లేదా? ఉంది. దాచడానికి కష్టమైన నేరాన్ని చూడాలి. హత్య జరిగితే శవం ఉంటుంది, పోస్టుమార్టం ఉంటుంది, ఊరంతా తెలుస్తుంది. దొంగతనం ఫిర్యాదును వెనక్కి పంపినంత తేలిగ్గా దాన్ని పంపలేరు. 2021లో దేశం మొత్తం మీద 29,272 హత్య కేసులు నమోదయ్యాయి. ఆ 19 మహానగరాల్లో కలిపి జరిగినవి రెండు వేల లోపే. 2011 లెక్కన ఆ నగరాల జనాభా 11 కోట్ల 40 లక్షలు, అంటే దేశ జనాభాలో నూటికి తొమ్మిది మందికి పైగా. హత్యల్లో వాటి వాటా నూటికి ఏడు కూడా లేదు. పైగా 2011 తర్వాత ఆ నగరాలు ఎంత పెరిగాయో మన కళ్లకే కనబడుతోంది. మిగిలిన హత్యలు జరిగింది ఆ మహానగరాల బయటే, ఊళ్లలో, పట్టణాల్లో, చిన్న నగరాల్లో; గట్టు తగాదాల్లో, నీటి వంతుల్లో, ఇంటి లోపల జరిగినవీ వాటిలో ఉన్నాయి.

రెండో దారి, పోలీసుల కాగితాన్ని పక్కనపెట్టి మనిషినే నేరుగా అడగడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ పని చేస్తుంది. 2019–21 సర్వేలో 18 నుంచి 49 ఏళ్ల వివాహితలను విడిగా కూర్చోబెట్టి భర్త చేతిలో హింస అనుభవించారా అని అడిగారు. పట్టణ ప్రాంతాల్లో నూటికి 24 మంది అవునన్నారు. గ్రామాల్లో నూటికి 32 మంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని ఒక నిమిషం ఆగండి. హింస అనుభవించిన వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పనైనా లేదు. సాయం కోరిన కొద్దిమంది కూడా ఎక్కువగా వెళ్లింది పుట్టింటికే గాని స్టేషన్‌కు కాదు. ఆ మౌనమే మన మండలం లెక్కల్లో "శాంతిభద్రతలు అదుపులో ఉన్నాయి" అనే వాక్యంగా మారుతోంది.

చోరీలు, గొలుసు తెంపడాలు, వాహనాల దొంగతనాలు నగరంలో నిజంగానే ఎక్కువ. కొల్లగొట్టడానికి అక్కడ సొమ్ముంది, కొట్టినవాడు కలిసిపోవడానికి గుంపుంది. మన ఊళ్లో కొత్త మనిషి కనబడితే అరుగు మీద వాళ్లు ఎవరని ఆరా తీస్తారు. ఆ కాపలా విలువైనదే. కాని అది బయటి మనిషి మీద పెట్టిన కాపలా. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అయిన కేసులు మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఉన్నాయి. బాబాయి, పక్కింటివాడు, పని చూపించే ఆసామి: వీళ్ల మీద ఏ అరుగూ కాపలా కాయదు.

పెద్దమనుషుల పంచాయితీ గురించి గట్టిగా మాట్లాడుకోవాలి. గట్టు జరిపారనో, మేక పోయిందనో వచ్చిన తగువును రచ్చబండ దగ్గర తేల్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. కోర్టు చుట్టూ పదేళ్లు తిరగడం కంటే అదే మేలు. కాని పదమూడేళ్ల పిల్ల మీద చెయ్యి వేసినవాడికి తప్పు కట్టించి, ఆ డబ్బు ఆమె తండ్రి చేతిలో పెట్టి, "పిల్ల భవిష్యత్తు ఆలోచించు, ఊరి పరువు ఆలోచించు" అని సర్దిచెప్పి పంపడం న్యాయం కాదు. అది నేరానికి ధర కట్టడం. ఆ కూర్చున్న పెద్దల్లో నిందితుడి కులంవాళ్లు ఎందరు, బాధితురాలి కులంవాళ్లు ఎందరు? ఆడవాళ్లు ఎందరు? అప్పు ఇచ్చేది ఎవరు, కౌలుకు భూమి ఇచ్చేది ఎవరు? మరుసటి రోజు పొద్దున్నే కూలికి పిలవాల్సింది కూడా ఆ పెద్దలే అయినప్పుడు, ఆ తండ్రి తల ఊపడాన్ని రాజీ అనకూడదు.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. దళితుల ఊచకోత జరిగిన ఆ రెండూ ఊళ్లే. ఆ రోజుకు ముందు ఎన్ని తిట్లు, ఎన్ని దెబ్బలు, ఎన్ని బెదిరింపులు కాగితం ఎక్కకుండా పోయి ఉంటాయో ఊహించండి. మొదటి దెబ్బకే కేసు కట్టే స్టేషన్ ఉన్న చోట పదో దెబ్బ కత్తి దాకా పోవడం కష్టం. నమోదు ముఖ్యమని మేము ఇంత పట్టుబట్టేది అందుకే.

ఇక స్టేషన్ సంగతి. ఫిర్యాదు తెచ్చిన మనిషికి వినిపించే మాటలు మనందరికీ తెలుసు. "ఇది మా పరిధి కాదు." "ముందు పిటిషన్ ఇచ్చి వెళ్లు, పిలుస్తాం." "వాళ్లు కౌంటర్ కేసు పెడతారు, ఆలోచించుకో." 2019 నవంబరులో శంషాబాదు దగ్గర యువ పశువైద్యురాలు కనబడకుండా పోయిన రాత్రి, కుటుంబం పరిగెత్తుకెళితే ఎఫ్‌ఐఆర్ కట్టడంలో జాప్యం జరిగింది. ఒక ఎస్సైని, ఇద్దరు సిబ్బందిని ఆ తర్వాత సస్పెండ్ చేశారు. మహానగరం అంచునే అలా జరిగితే, జిల్లా కేంద్రానికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టేషన్‌లో ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు?

ఇందులో తప్పంతా ఎస్సైదే అనడం మా ఉద్దేశం కాదు. కేసులు పెరిగితే పైనుంచి సంజాయిషీ, తగ్గితే మెప్పు అయినప్పుడు ఏ అధికారి అయినా కాగితం తగ్గించాలనే చూస్తాడు. 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషనే కేసులు కట్టకుండా తొక్కిపెట్టే ఈ జబ్బును చర్చించింది. నలభై ఏళ్లు దాటినా మందు వేయలేదు.

చట్టం మాత్రం మన పక్షానే ఉంది. విచారణకు తగిన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరులో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే చాలు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాయొచ్చు, అక్కడా దిక్కు లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించొచ్చు. మహిళల మీద జరిగిన అత్యాచారం వంటి తీవ్ర నేరాల్లో సమాచారం నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన జైలు శిక్ష ఉంది. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు. ఈ పేరా కత్తిరించి గ్రామ సచివాలయం గోడకో, పంచాయతీ ఆఫీసు గోడకో అంటించండి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది పెద్ద ఖర్చున్న పనేమీ కాదు. దేశంలో స్టేషన్ల కేసుల వివరాలు ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి. మండలాల వారీగా, నేరాల వారీగా ఆ లెక్కను ఏటా ప్రకటించాలి. వచ్చిన ఫిర్యాదులెన్ని, కట్టిన ఎఫ్‌ఐఆర్‌లెన్ని అన్న రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి. ఫిర్యాదు ఇచ్చిన ప్రతి మనిషికీ నంబరు వేసిన రసీదు చేతికివ్వాలి. రసీదు లేనిదే ఫిర్యాదు ఇచ్చినట్టు రుజువు లేదు, రుజువు లేనిదే ఎస్పీ దగ్గర మాట నిలవదు. కేసుల సంఖ్య పెరిగిందని ఏ స్టేషన్ అధికారినీ తప్పుపట్టకూడదు. ఎన్ని కేసుల్లో దర్యాప్తు గడువులోపు పూర్తయిందో, బాధితులను ఎలా చూశారో దాన్నిబట్టే పనితీరు కొలవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన కోరిక బాధితుల సర్వే. అమెరికా 1973 నుంచి, ఇంగ్లండు 1982 నుంచి ఇంటింటికీ వెళ్లి "గత కొన్ని నెలల్లో మీకేం జరిగింది, పోలీసులకు చెప్పారా, చెప్పకపోతే ఎందుకు" అని అడుగుతున్నాయి. అక్కడ కూడా చాలా నేరాలు స్టేషన్ గడప తొక్కడం లేదని ఆ సర్వేలతోనే తెలిసింది. మన దేశంలో ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, చెన్నై వంటి చోట్ల కొన్ని సంస్థలు ఇలాంటి ప్రయత్నాలు చేశాయి. అవి నగరాలకే పరిమితమయ్యాయి. మన దగ్గర రెండేళ్లకోసారి, ప్రతి జిల్లాలోనూ, నగరాన్నీ పల్లెనూ ఒకే ప్రశ్నావళితో అడగాలి. అడిగేవాళ్లు పోలీసులు కాకూడదు, ఊరి నాయకుల మనుషులు అసలే కాకూడదు. ఆడవాళ్లను ఆడవాళ్లే, విడిగా, ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు అడగాలి. అప్పుడే పట్నానికీ పల్లెకూ మధ్య నిజమైన పోలిక సాధ్యం.

ఊరి పరువు పోతుందని కొందరు పెద్దలు అంటారు. దాచిన నేరంతో నిలిచిన పరువు ఆ ఊరి ఆడపిల్లలది కాదు, కూలివాళ్లది కాదు. నేరం చేసినవాడిది మాత్రమే.

వచ్చే గ్రామసభలో ఈ మాట లేవనెత్తండి. మండలాల వారీ లెక్క, ఫిర్యాదుకు రసీదు, బాధితుల సర్వే కావాలని తీర్మానం చేయించి కలెక్టరుకు, ఎస్పీకి, మీ శాసనసభ్యుడికి పంపండి. తీర్మానం మినిట్స్ బుక్కులో రాసేదాకా సభ నుంచి లేవకండి. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఎవరికైనా అన్యాయం జరిగితే వాళ్లతో పాటు స్టేషన్‌కు వెళ్లండి. ఒంటరిగా వెళ్లినవాళ్లను వెనక్కి పంపినంత తేలిగ్గా పదిమందితో వెళ్లినవాళ్లను పంపలేరు.