పగ్గ మెవరి చేత?

ఆపిల్ సంస్థవారు తమ మాకింటోష్ యంత్రముల ప్రాసెసరును ముమ్మాఱు మార్చిరి. 1994లో మోటరోలా 68000 తరగతిని విడిచి పవర్‌పీసీని, 2006లో దానిని విడిచి ఇంటెల్‌ను, 2020లో ఇంటెల్‌ను సైతము విడిచి స్వయముగా రూపొందించిన ఎమ్1ను గైకొనిరి. ఇది చాపల్యమని కొందఱందురు. మే మట్లు తలంపము.

పండ్రెండు మాసములలో మూడు గిగాహెర్ట్‌జుల యంత్రము నిచ్చెదనని 2003లో స్టీవ్ జాబ్స్ వాగ్దానము చేసెను. ఐబీఎం వారి చిప్పు గడువులోపల ఆ వేగము నందుకొనలేదు. మాట యొకరిది, చెల్లించు శక్తి వేఱొకరిది! ఈ పాఠమును సంస్థవారు మఱువలేదు. 2008లో పీ.ఏ. సెమీ సంస్థను కొనిరి. 2010లో ఏ4ను వెలువరించిరి. చిన్న యంత్రములలో పదియేండ్లు చేయి తిరిగిన పిదపనే మాకింటోషునకు పూనుకొనిరి. ఇది దూరదృష్టి.

అయినను ఇది సంపూర్ణ స్వాతంత్ర్యము కాదు. ఆజ్ఞావళి బ్రిటనులోని ఆర్మ్ వారిది. తయారీ తైవానులోని టీఎస్ఎమ్‌సీ వారిది. అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు: ఉత్పత్తిదారుని స్వేచ్ఛ కొనుగోలుదారుని స్వేచ్ఛ కాదు. పాత ప్రోగ్రాములు నడచుటకు రొసెట్టా నిచ్చిరి, నిజమే. కాని 2023 వఱకు ఇంటెల్ యంత్రములను విక్రయించిన వారే, 2025 నాటి టాహో తరువాత వానికి క్రొత్త మాకోయెస్ లేదని ప్రకటించిరి. తమ పగ్గము తాము పట్టుకొనుట ఒప్పే. బండి యెక్కిన వారిని నడిత్రోవలో దింపుట యొప్పదు.