స్టేటస్ పెడితే హక్కు వస్తుందా?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పోస్టు కొంచెం పొడుగు. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

మన గ్రూపుల్లోకి ఒక డోలీ వీడియో వస్తుంది. నొప్పులు పడుతున్న అక్కని డోలీ కట్టి వాగు దాటిస్తుంటారు. మనం ఏం చేస్తాం? ఏడుపు బొమ్మ పెడతాం, పది గ్రూపులకి పంపుతాం, స్టేటస్ పెట్టుకుంటాం. 24 గంటలకి స్టేటస్ పోతుంది, దాంతోపాటే మన కోపమూ పోతుంది. వాగు మాత్రం అక్కడే ఉంటుంది.

అసలు ఆ అక్కని అడిగామా, నీ మొహం లోకమంతా చూడొచ్చా అని? మైదానంలో ఏ ఇంటి ఆడపడుచునైనా పురిటి నొప్పుల్లో ఇలా వీడియో తీస్తే ఊరుకుంటారా? సమాన హక్కులంటూ అరిచే మనమే మన ఆడవాళ్ల మర్యాదని లైకులకి వదిలేస్తున్నాం.

"వీడియో పెడితేనే కదా అధికారులు కదిలేది" అంటారు. నిజమే, కదులుతారు. ఆ రోజుకి అంబులెన్స్ వస్తుంది. రోడ్డు రాదు.

ఫోన్ పనికిరాదని మేం అనట్లేదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నంబర్ 3ని కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో అది. అప్పుడు లాక్‌డౌన్. బస్సుల్లేవు, హాస్టళ్లు మూత. మనం గోడు చెప్పుకున్నది ఫోన్లలోనే. కానీ ఆ తీర్పు మనలో ఎంతమంది చదివారు? నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది, అయిదో షెడ్యూల్ కింద గవర్నర్ అధికారానికీ హద్దులున్నాయంది. ఆ రెండు మాటలకీ జవాబు వెతక్కుండా హ్యాష్‌ట్యాగ్ తిప్పితే అది వాదన కాదు, కేక.

ఇంకో సంగతి. హక్కు పోయేది సిగ్నల్ లేని గూడెంలో. మనం పోస్టు పెట్టేది సిగ్నల్ ఉన్న హాస్టల్లో. అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమి అర్జీ తిరస్కరిస్తే పై కమిటీకి వెళ్లడానికి గడువు 60 రోజులే. ఆ తాతకి మన రీల్‌తో పనిలేదు. ఆ 60 రోజుల లెక్క చెప్పి, కాయితం రాసిపెట్టే మనవడు కావాలి.

అందుకే మేం అడిగేది ఇంతే. ముందు ఆ మనిషి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మొహం చూపించొద్దు. ఊరు, తేదీ, ఏ శాఖ చేయాల్సిన పనో రాయకుండా పోస్టు పెట్టొద్దు. అర్జీ ఇవ్వండి, రసీదు ఫోటో పెట్టండి. సమాచార హక్కు దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే 31వ రోజు మళ్లీ పెట్టండి. అప్పుడు షేర్ చేయమని మేమే అందర్నీ బతిమాలతాం. జవాబు వస్తే దాన్ని గ్రామసభలో కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో చదివి వినిపించండి.

ఆగస్టు 9న అందరం డీపీలు మారుస్తాం. మంచిదే. ఆగస్టు 10న ఎంతమంది చేతిలో అర్జీ ఉంటుందో చూద్దాం.