"ఆమె ఎవరు?" - ముగింపును గూర్చి ఒక మాట

వాన కురియుచున్న రాత్రి. కారులో పోవుచున్న యొక వైద్యునకు త్రోవలో తెల్లచీర కట్టిన స్త్రీ యొకతె కనబడినది. ఎక్కించుకొనగా శ్మశానము నొద్ద దిగిపోయినది. పిమ్మట తల్లి కుదిర్చిన వధువు ముఖము చూడగా, ఆ ముఖమే! ఇది 1964లో రాజ్ ఖోస్లా తీసిన "వహ్ కౌన్ థీ?" అను హిందీ చిత్రపు కథ. 1966లో బి. ఎస్. నారాయణగారు దీనినే "ఆమె ఎవరు?" అను పేర తెనిగించిరి. ఆ యేడే తమిళమున "యార్ నీ?" అనియు వెలువడినది. రెంటను నాయిక జయలలితగారే. ఉభయభాషలు నెరిగిన మా చిత్తూరు సీమవారికి ఒకే దయ్యము రెండు భాషల మాటలాడినట్లయినది.

దయ్యము నిజమా యని బాలురు మమ్మడుగుచుందురు. కాదు. వైద్యుడు పెండ్లాడినది ఒకతెను, రాత్రులందు చూచినది మరియొకతెను. వారు కవలలు, తల్లిదండ్రులు వేరుపడుటచే ఒకతె తల్లియొద్ద, ఒకతె తండ్రియొద్ద పెరిగిరి. వైద్యునకు మతి చలించినచో అతనికి రావలసిన యాస్తి వేరొక బంధువునకు చెందును. ఆ బంధువే రెండవ సోదరిచే ఈ నాటకమాడించెను. వాన యొక్కటియే దైవికము.

ఇది మోసపు ముగింపని కొందరందురు. వారి పక్షమున రొనాల్డ్ నాక్స్ అను ఆంగ్ల మతాచార్యుడు కలడు. అపరాధ పరిశోధక కథలకు ఆయన 1929లో విధించిన పది నియమములలో కడపటిది, పాఠకుని ముందుగా సిద్ధపరుపక కవలలను తేరాదనునది. ఆ న్యాయస్థానమున ఈ చిత్రమునకు శిక్ష తప్పదు.

అయినను మేము ముగింపు పక్షముననే యున్నాము. ఇంటనే యుంటినని భార్య చెప్పినది నిజము. వెలుపల ఆమె ముఖమునే చూచితినన్న భర్త మాటయు నిజము. దయ్యమే యైనచో భార్య బొంకినదగును. పిచ్చియే యైనచో భర్త కన్నులు బొంకినవగును. ఇద్దరిని సత్యవాదులుగా నిలుపగల ముగింపు ఇదియొక్కటే. 1860లో ముగిసిన విల్కీ కాలిన్స్ నవల "ది ఉమన్ ఇన్ వైట్" నందును ఆస్తికొరకే ఇట్టి పోలికను వాడుకొనిరి. అందు మరణించినదాని పేర బ్రతికియున్న యిల్లాలిని పిచ్చియాసుపత్రిలో బంధించిరి. ఇచ్చట పిచ్చివాని జేయ జూచినది భర్తను. కాని ఇల్లు విడువవలసి వచ్చినది మాత్రము ఇచ్చటను ఇల్లాలే.

వైద్యుడే, రోగి చెప్పినది ఓపికతో వినువాడే, భార్య మాట నమ్మలేక ఆమెను పంపివేసెను. చిత్రమును మరల చూచువారు తెల్లచీరను విడిచి, ఆ ఘట్టమున ఆమె ముఖమును చూడవలెను.