చప్పుడు లేని డోలు

ఈ మాసమున మా యింట మూడువారములు నడచిన యొక తగవును గూర్చి వ్రాయుచున్నాము. అందు దోషము మాదే యని ముందుగా చెప్పుకొనుట మంచిది.

మా పెద్దమ్మాయికి పదుమూడేండ్లు. బడిలోని వాద్యబృందమున డ్రమ్సు వాయించును. ఇంట సాధకము చేయుటకు నిజమైన డ్రమ్సు కొందమన్న, మాది మేడమీద రెండు గదుల యద్దెయిల్లు; క్రింద ఇంటివారు, ప్రక్కగోడ కావల నొక వృద్ధదంపతులు. అందుచేత మా యన్నగారి కుమారుడు ఉద్యోగమునకై బెంగుళూరు పోవుచు విడిచిన యెలక్ట్రానిక్ డ్రమ్సును తెచ్చుకొంటిమి. చూచుట కది యినుపకడ్డీలకు తగిలించిన నల్లని పళ్ళెములవలె నుండును. కొన్నింటిపై రబ్బరు, కొన్నింటిపై వలగుడ్డ. పుల్లతో కొట్టిన టక్కుమనును గాని మ్రోత లేదు.

మేము పుట్టినింట నాన్నగారియొద్ద చదువుకొన్నప్పుడు వాద్యములు తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెగలుగా వల్లించితిమి. తోలు బిగించినవి అవనద్ధములు. స్వాతి యను ముని నీటికై కొలనికి పోయి, తామరాకులపై వానచినుకులు పడగా పెద్ద యాకున నొక ధ్వని, చిన్న యాకున నొక ధ్వని పుట్టుట విని మృదంగాదులను కల్పించెనని భరతుని నాట్యశాస్త్రమున నున్నది. ఆ మునికి మా యింటి పళ్ళెములను చూపిన నే తెగలో చేర్చునో! తోలు లేదు, తంత్రి లేదు, ఊదుటకు రంధ్రము లేదు. తనకుగా ధ్వనియే లేదు. ఎవరో కొట్టిరని వేఱొకచోటికి కబురు పంపుటయే దీని పని.

ఆ కబురు పోవు విధము వినదగినది. పళ్ళెము క్రింద నొక పలుచని బిళ్ళ యుండును. అది యదరినప్పుడు కొంచెము విద్యుత్తు పుట్టును. కొన్ని స్ఫటికముల కిట్టి గుణము కలదని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. రేడియమును కనిపెట్టిన మేరీ క్యూరీగారి భర్త పియరీ ఆ సోదరులలో నొకరు. డ్రమ్సుతో వచ్చు చిన్నపెట్టె ఆ విద్యుత్తు బలమును కొలిచి 1 మొదలు 127 వఱకు నొక యంకెగా మార్చును. ఏ పళ్ళెమును కొట్టిరో తెలుపుట కింకొక యంకె: వాడుకలో కాలితో త్రొక్కి మ్రోగించు పెద్దడోలునకు 36, ముందుండు స్నేరు డోలునకు 38. ఈ యంకెల భాషకు మిడి యని పేరు. 1983లో జపాను, అమెరికా దేశముల వాద్యయంత్రకారులు కలిసి యేర్పఱచినది నేటికిని నడచుచున్నది.

పెట్టెలోనే కొన్ని ధ్వనులు కలవు గాని, మాదానిలోనివి నూనెడబ్బాను గరిటెతో కొట్టినట్లుండెను. మావారు ప్రింటరునకు వాడు యూఎస్‌బి తీగ నొకకొన పెట్టెకును, రెండవకొన కంప్యూటరునకును తగిలించి, హైడ్రొజన్ అను నుచితపు ప్రోగ్రామును ఎక్కించిరి. నిజమైన డోళ్ళను మెల్లగా, గట్టిగా, మఱింత గట్టిగా వాయించి రికార్డు చేసిన ధ్వనులు కంప్యూటరున నుంచవచ్చును. వచ్చిన యంకెనుబట్టి అది తగినదాని నెంచి వినిపించును. మొదటిదినమున కంచుపళ్ళెమని కొట్టిన ఆవుమెడలోని గంట మ్రోగెను. రెండువైపుల యంకెలు సరిపోలలేదట. అది సరిచేయుట పావుగంట పని. తరువాత వినవచ్చిన ధ్వనికి మే మాశ్చర్యపడితిమి. తీగలేని బ్లూటూత్ స్పీకరును గూడ తెచ్చి పెట్టితిమి.

తగవు అప్పుడే మొదలాయెను. కంప్యూటరే టిక్కు టిక్కుమని కాలము లెక్కపెట్టుచుండగా అమ్మాయి దానితో కలిపి వాయింపవలెను. ఆమె ప్రతిదెబ్బయు టిక్కునకు వెనుకబడెను. తొందరపడి ముందుకు దూకిన వరుస చెడెను. మేము వంటింటినుండి వినుచు, చేతిలోని యట్లకాడతో తాళము వేయుచు గద్దించితిమి. ఒకనాడు "లయ పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు" అని గూడ నంటిమి. మఱునాడామె డ్రమ్సుపై పాతచీర కప్పి, "నాకు రాదులే అమ్మా. బళ్ళో వేరేవాళ్ళని పెట్టుకోమని చెప్పేస్తాను" అనెను.

నాలుగుదినముల పిమ్మట దుమ్ము దులుపుటకై ఆ చీర తీసితిమి. మావారు కంప్యూటరున మార్కు లెక్కించుకొనుచుండిరి. ఆ ప్రోగ్రాము తెఱచియే యుండెను. ఊరక పుల్ల తీసికొని యొక్కదెబ్బ వేసితిమి. టక్కుమనెను. ఆ వెనుక, వేఱుగా, డోలు మ్రోగెను. చెఱువుగట్టున నిలిచి చూచినప్పుడు ఆవలిరేవున బట్టలుతుకువారి చేయి ముందు దిగి, చప్పుడు తరువాత వచ్చును గదా, అట్లు.

మావారితో కూర్చుండి వెదకగా రెండు కారణములు తేలినవి. మొదటిది ఆ బ్లూటూత్ స్పీకరే. తీగలేని యుపకరణములు ధ్వనిని మూటగట్టి పంపి, అవతల విప్పుకొనవలెను గనుక, సామాన్యముగా సెకనులో పదవవంతు, ఒక్కొక్కప్పు డంతకు మించియు ఆలస్యము చేయును. పాట వినుట కది బాధింపదు. వాయించువారికి మాత్రము డోలు ముప్పదినాలుగు మీటర్ల దూరమున మ్రోగినట్లే. రెండవది కంప్యూటరులోని బఫరు. సెకనునకు 44,100 తునుకలుగా నున్న ధ్వనిని అది కొన్ని కొన్నిగా ప్రోగుచేసికొని వదలును. మాదానిలో ప్రోగు 1024. అనగా సెకనులో వేయింట 23 పాళ్ళు. దానిని 128 చేసిన 3 పాళ్ళకు లోపు, డోలు మీటరు దూరమున నున్నట్లు. ఇంకను తగ్గించి 32 చేయగా ధ్వనిలో పేలాలు వేగినట్లు చిటపటలు బయలుదేఱెను గాన 128 కడనే నిలిపితిమి. బ్లూటూత్ స్పీకరు తీసి తీగగల హెడ్‌ఫోను పెట్టితిమి.

అమ్మాయిని పిలిచి వాయింపుమంటిమి. ఒక హెడ్‌ఫోను చెవికప్పును మా చెవికి చేర్చుకొని వింటిమి. టిక్కును దెబ్బయు నొక్కటిగా పడెను. "తప్పు నీది కాదమ్మా, కంప్యూటరు ఆలస్యంగా వినిపిస్తోంది" అంటిమి. ఆమె పుల్ల ఆపక, మావైపు చూడక, "మరి పుట్టుకతో రావాలన్నావుగా" అనెను. ఆ మాటకు బదులు చెప్పలేకపోతిమి. ఆ రాత్రి ఆమె పడుకొన్నతరువాత పోయి తల నిమిరితిమి. మేలుకొనియే యున్నది గాని కన్నులు తెఱవలేదు.

ఇప్పుడు సాయంకాలము ఐదుమొదలు ఆఱువఱకు సాధకము. చెవులకు చెఱుపు కలుగకుండ హెడ్‌ఫోను ధ్వనిని సగమునకు మించనీయుట లేదు. మిగిలిన చిక్కు ఒక్కటే: మ్రోత చెవిలోనే యున్నను, పెద్దడోలునకు కాలితో త్రొక్కు అదురు నేలగుండ క్రిందికి దిగును. ఇంటివారి కోడలు పైకివచ్చి, "పిన్నిగారూ, ఈ వేళప్పుడు రోజూ ఏం దంచుతున్నారండీ?" అని యడిగినది. పాత బొంతను నాలుగు మడతలు వేసి త్రొక్కుడుపలక క్రింద పఱచితిమి. కొంత తగ్గినదట.